మనిషినే కోతుల ఇంట్లో పెట్టాం

వేల ఏళ్ల కిందటే అంతరించిపోయిన మన దగ్గరి చుట్టాలు, నియాండర్తల్ మనుషులు, ఇప్పటికీ బతికుంటే మనం అన్నదమ్ముల్లా కలిసి ఉండేవాళ్లమని ఒక వ్యాసంలో రాశారు. నాకు ఆ నమ్మకం లేదండీ. 1906లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో ఏం జరిగిందో చూడండి. కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ణి కోతుల ఇంట్లో, ఒరాంగుటాన్ పక్కన నిలబెట్టి జనానికి చూపించారు. అతను అచ్చంగా మనలాంటి మనిషే! పళ్లు మొనదేలేలా చెక్కించుకోవడం వాళ్ల ఆచారం. చూడవచ్చినవాళ్లకు ఆ పళ్లే వింత. నల్లజాతి పాస్టర్లు గట్టిగా ఎదురు తిరిగాకే అది ఆగింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల సొంతగడ్డకు వెళ్లే దారి మూసుకుపోయి, 1916లో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఆ జూ నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో.

ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన ఒక నియాండర్తల్ మనిషి గురించి చదివినప్పటి నుంచి ఆ గుహ మనిషే గుర్తొస్తున్నాడు. కంటి దగ్గర పెద్ద దెబ్బ, కుడి చెయ్యి చచ్చుబడింది. అయినా ఏళ్ల తరబడి బతికాడు. తనవాళ్లు ఇంత తిండి పెట్టి చూసుకోకపోతే బతికేవాడా? అలాంటివాడు ఇవాళ మన వీధిలోకి వస్తే అందరం ముందు ఫోన్లు బయటికి తీస్తాం. కూర్చోమని ఒక కుర్చీ వేసేదెవరు?