కథ చెప్పే ట్యాగ్‌లైన్ ఎవరికి కావాలి?

సినిమా పోస్టర్ల మీది ట్యాగ్‌లైన్లు, అంటే సినిమా పేరుతో పాటు వేసే ఆ ఒక్క వాక్యాలు, ఇప్పుడు చదివిన మరుక్షణమే మరచిపోయేలా తయారయ్యాయి. ‘ప్రతి ప్రేమ వెనకా ఓ కథ ఉంటుంది’, ‘ఈసారి పోరాటం తనతో తనకే’ తరహా లైన్లు ఏ సినిమా కింద పెట్టినా అతికిపోతాయి. అసలు జబ్బు అదే. ఆ ఒక్క సినిమాకి తప్ప ఇంకో దానికి పనికిరాకూడదు, అదీ ట్యాగ్‌లైన్ అంటే.

1979 నాటి హాలీవుడ్ అంతరిక్ష హారర్ సినిమా ‘ఏలియన్’ పోస్టర్ చూడండి. కటిక నలుపు మధ్య పగులుతున్న గుడ్డు, ఆ పగులులోంచి ఆకుపచ్చ వెలుగు. దానితోపాటు ఒకే మాట: అంతరిక్షంలో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. వింత జీవి ఊసే లేదు, హీరోయిన్ లేదు, కథ అసలే లేదు. గాలి లేనిచోట శబ్దం ప్రయాణించదని మనమంతా స్కూల్లో చదువుకున్నదే. ఆ పాఠంతోనే వణుకు పుట్టించారు. ఎందుకు అరవాల్సి వస్తుందో మాత్రం చెప్పలేదు. అది మనమే ఊహించుకుంటాం, అందుకే మరచిపోలేం.

1978లో ‘సూపర్‌మ్యాన్’ కూడా హీరో బలాన్ని పొగడలేదు. మనిషి ఎగరగలడంటే మీరే నమ్ముతారు అంది. తెర మీద ఎగరడం నిజంగా అనిపిస్తుందా అన్న ప్రేక్షకుడి అనుమానానికి సూటిగా జవాబిచ్చింది.

ట్రైలర్లు, స్టార్లు, ఓటీటీ థంబ్‌నెయిళ్లు ఉండగా ఈ ఒక్క వాక్యంతో పనేముందని మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. ట్రైలర్‌ని చూస్తాం, వదిలేస్తాం. మంచి వాక్యం అలా కాదు, నోళ్లలో పడుతుంది. మళ్లీ నీళ్లలోకి దిగొచ్చులే అని ధైర్యం చేస్తున్నారో లేదో... అంటూ మధ్యలోనే ఆగిపోయే సొరచేప సినిమా ‘జాస్ 2’ లైన్‌ని, ఆ సినిమా చూడనివాళ్లు కూడా ఇప్పటికీ అటూ ఇటూ మార్చి వాడుతూనే ఉన్నారు.

ఇంతకీ ‘ఏలియన్’ వాక్యం రాసిందెవరు? బార్బరా గిప్స్. పోస్టర్ డిజైన్ చేసిన ఫిలిప్ గిప్స్ భార్య. ఎంతమందికి తెలుసు ఆ పేరు? పోస్టర్ మీది మాట రాసినవాళ్ల పేరు తెర మీద వేసే ఆనవాయితీ సినిమా రంగంలో లేదు. డైలాగ్ రచయితకి దక్కే గౌరవంలో పదో వంతు కూడా వీళ్లకి దక్కదు. ఆఖరి నిమిషంలో నాలుగు స్టిల్స్ పంపి ఏదో ఒకటి రాసిమ్మంటే, ఏ సినిమాకైనా సరిపోయే వాక్యమే వస్తుంది మరి. సినిమా ఆఖర్న డ్రైవర్ల పేర్లు, భోజనాలు పెట్టినవాళ్ల పేర్లు వేస్తున్నారు, వేయాలి కూడా. వాటి పక్కనే వీళ్ల పేరూ వేయండి. రాయమనే ముందు స్క్రిప్ట్ మొత్తం చేతికివ్వండి, చదవడానికి టైమ్ ఇవ్వండి.