మామ్మలూ, డ్రగ్స్ వద్దు బ్రో!

మొన్న మా పక్క మండలంలో, పేరు చెప్పనులెండి మళ్ళీ మనోభావాలు దెబ్బతింటాయి, పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే వస్తుంది అనుకోండి, గంజాయి మీద అవగాహన సదస్సు పెట్టారు. సదస్సుకి యువత కావాలి. మా శ్రీకాకుళం ఉద్దానంలో యువత ఎక్కడున్నారండీ, హైదరాబాద్‌లో వాచ్‌మెన్లుగా, చెన్నైలో సెంట్రింగ్ పనుల్లో ఉన్నారు. ఊళ్ళో మిగిలింది పింఛనుదార్లు. అధికారులేమో బుర్రున్నోళ్ళు, ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇవ్వాల్సిన 4,000 ఈసారి మాత్రం సదస్సు దగ్గరే ఇస్తాం అన్నారు. ఇంకేటుంది, టెంటు కిటకిటలాడిపోయింది.

ఆ ఫోటో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. ముందు వరసలో డెబ్భై దాటిన మామ్మలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్లకార్డు, దాని మీద "డ్రగ్స్ వద్దు బ్రో" అని. ఒకావిడైతే తలకిందులుగా పట్టుకుంది, అయినా భావం చేరింది.

పెద్దసారు స్పీచ్ మొదలెట్టారు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే కాగితం, అది ఇంటర్ కాలేజీకని రాసుకున్నది. గంజాయి తాగితే మీ కెరీర్ పోతుంది, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు రావు, తల్లిదండ్రుల కలలు కల్లలవుతాయి, రేపు అమెరికా వెళ్దామంటే పాస్‌పోర్టు కూడా రాదు అని ఊగిపోతున్నారు. పాస్‌పోర్టు రాదనగానే ఓ మామ్మ కంగారుపడి "రేసను కార్డు ఉంటాదా బావూ?" అంది. తర్వాత ప్రతిజ్ఞ. కుడిచెయ్యి ముందుకి చాచమన్నారు. జీడిపిక్కల బట్టీలో జీవితమంతా వంగి కూర్చున్న మనిషికి భుజం ఎక్కడ లేస్తుంది? ఫోటో కుర్రాడు "మామ్మా ఇంకొంచెం పైకి, ఫ్రేములో పడట్లేదు" అంటాడు, చివరికి పక్కావిడ ఈవిడ చెయ్యి ఎత్తి పట్టుకుంది, ఆ పట్టుకున్నంతసేపూ సమాజం గంజాయి నుంచి క్షేమంగా ఉంది. ఆఖర్న, గంజాయి ఎక్కడ కనిపించినా 1972కి ఫోన్ చెయ్యండి అన్నారు. వెనకనుంచి ఓ గొంతు, "మోకాలు నొప్పికి కూడా ఆ నెంబరేనా బావూ?"

సారు నవ్వారు. అందరూ నవ్వారు. నాకైతే నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ సదస్సు మొత్తం మీద పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

టెంటు దిగాక మామ్మలు ఎక్కడికి వెళ్ళారో తెలుసా, ఎదురుగా ఉన్న మందుల షాపుకి. చీటీ లేదు, బిల్లు లేదు, "నొప్పుల మాత్రలు ఓ పదిరోజులకి" అంటే చాలు, స్ట్రిప్పు కత్తెరతో ముక్కలు చేసి, మందు పేరు ఒక ముక్క మీద, ఎక్స్‌పైరీ తేదీ ఇంకెవరికో వెళ్ళిన ముక్క మీద ఉండేలా కత్తిరించి, పైన ఓ గ్యాస్ మాత్ర వేసి కాగితం పొట్లంలో ఇస్తారు. దీని మీద ఏ ప్రతిజ్ఞా లేదు. ఏ ప్లకార్డూ లేదు.

ఇది ఉద్దానం అండీ బాబూ! కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఇప్పటికీ తేల్చలేక తలలు పట్టుకుంటున్న చోటు, పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టుకోవాల్సి వచ్చిన చోటు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తం తగ్గిస్తాయి, ముసలితనంలో, ఎండలో పనిచేసి ఒంట్లో నీళ్ళు తగ్గినోళ్ళకి మరీను, ఇది డాక్టరు చదువు మొదట్లోనే చెప్తారు. అలాంటి చోట ఆ మాత్రల్ని బఠాణీల్లా అమ్ముతుంటే ఒక్క ఆఫీసరు, ఒక్క నాయకుడు, ఒక్కడు మైకు పట్టుకోడేం? మామ్మ ఎప్పుడూ చూడని గంజాయి మీద ప్రమాణం చేయించారు, రోజూ మింగుతున్నదాని గురించి అడగడానికి నోరు రాలేదు, సిగ్గనిపించట్లేదా?

సరే, కోపం పక్కన పెడదాం. అసలు గంజాయి ముసలోళ్ళ నొప్పికి పనిచేస్తుందా అనే ప్రశ్న మన దేశానికి కొత్తదేం కాదు. 1839లో కలకత్తా మెడికల్ కాలేజీలో ఓషాగ్నెస్సీ అనే దొర డాక్టరు కీళ్ళనొప్పుల రోగులకి దీన్ని ఇచ్చి చూశాడు. వాళ్ళలో ఒకడి చెయ్యి ఎత్తి ఎక్కడ పెడితే అక్కడే నిలబడిపోయిందని కూడా దాచకుండా రాశాడు. (మన ఫోటో కుర్రాడికి అలాంటి మామ్మ దొరికుంటే ఎంత బాగుండేది.) 1985 మాదకద్రవ్యాల చట్టం గంజాయి మొక్క పూత మీద, జిగురు మీద పడింది, ఉత్త ఆకు దాని కిందకి రాదు, అందుకే కాశీ వెళ్ళినోళ్ళకి లైసెన్సు షాపులో భాంగు దొరుకుతుంది. గంజాయికి ఆయుర్వేదంలో ఉన్న విజయ అనే పేరుతో డాక్టరు చీటీ మీద ఆన్‌లైన్లో నూనెలు కూడా అమ్ముతున్నారు, సీసా కొంటే పింఛనులో పెద్ద ముక్క ఎగిరిపోద్ది.

అలాగని ఇదేదో సంజీవని అని నేను చెప్పట్లేదు, చెప్పేవాళ్ళని నమ్మొద్దు కూడా. 2021లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన మార్గదర్శకాలు మిగతా వైద్యంతో తగ్గని దీర్ఘకాలిక నొప్పికి, పొగ తాగడం కాకుండా మందు రూపంలో ఇచ్చి చూడొచ్చు అన్నాయి, అదీ బలహీనమైన సిఫారసే అని వాళ్ళే రాశారు. అదే ఏడు నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ, ఉన్న ఆధారాలు చాలవు, మేం సమర్థించం అంది. ముసలోళ్ళకి కళ్ళు తిరుగుతాయి, మగత వస్తుంది, రాత్రి బాత్రూముకి లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది, రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళకి దానితో గొడవ. అందుకే ఇది డాక్టరు చూసి, డోసు కొలిచి, తేడా వస్తే ఆపేయాల్సిన సంగతి. రోడ్డు మీద పొట్లం కొనేది కాదు.

కానీ మనకి గంజాయి అంటే లారీ, లారీ అంటే కేసు, అంతే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు, ఆ పొగ ఎటు వీచిందో గాని అటుపక్క ఊళ్ళలో ఆ రాత్రి ఎంతమంది తాతలకి నడుంనొప్పి లేకుండా నిద్రపట్టిందో ఎవరూ సర్వే చెయ్యలేదు.

మా వీధి రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు. షుగరు వల్ల నరాలు దెబ్బతిని అరికాళ్ళు రాత్రంతా నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. పేపర్లో చదివి, ఇలాంటి నొప్పికి గంజాయి మందు ఇస్తారటండీ అని డాక్టర్ని అడిగారు, తప్పా? డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి "ఈ వయసులో ఇదేం సరదా మాస్టారూ" అని కాంపౌండరు వైపు చూసి కన్ను కొట్టాడు. పనిచెయ్యదు అని చెప్పినా బాగుండును, చట్టం ఒప్పుకోదు అన్నా బాగుండును, ఫలానా మందు వాడి చూద్దాం అన్నా ఎంతో బాగుండును. ముప్పై ఏళ్ళు మన పిల్లలకి పాఠం చెప్పిన మనిషిని గంజాయి తాగే కుర్రాడిలా చూసి, రెండు నిమిషాల్లో బయటికి పంపేశాడు. అరికాళ్ళకి చెప్పులు విప్పించి చూడను కూడా లేదు.