గుడ్డుకు సర్క్యులర్, ఆయమ్మకు గుడ్డు

ఒంగోల్లో ఒక ప్రైవేటు స్కూలు ఈస్టర్ ముందు తల్లిదండ్రులకు సర్క్యులర్ పంపింది. ప్రతి పిల్లవాడూ అరడజను గుడ్లు ఉడికించి, రంగులేసి తేవాలి. వాటిని లాన్‌లో దాస్తారు, పిల్లలు వెతుకుతారు. పేరు ఎగ్ హంట్. కింద జాగ్రత్తల పట్టిక ఉంది. ఏదో చలిదేశం వాళ్ళు రాసుకున్నదాన్ని కామా కూడా పోకుండా దించారు.

జాగ్రత్తలు తప్పేం కాదు. పగిలిన గుడ్డు వాడొద్దు, కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు కనుక చేతులు సబ్బుతో కడగాలి, ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినాలి. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఆ పక్కనే ఇంకో ముక్క ఉంది: ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఇది ఏప్రిల్ నెల ఒంగోలుకు కూడా వర్తిస్తుందని ఆఫీసు రూములో ఏసీ కింద ఎవరికీ తట్టలేదు. ఎండకు పిల్లలు తట్టుకోలేరని ఒంటిపూట బడులు పెట్టుకున్న ఊరు మనది. గుడ్డుకు మాత్రం ఫుల్ డే.

రంగుల సంగతి చెప్పక్కర్లేదు. ఫుడ్ కలరే వాడమన్నారు, ఇంట్లో మిగిలింది హోలీ పొడి. పెంకుకు కంటికి కనబడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, ఉడికిస్తే పైన కాపాడే సన్నని పొర కూడా పోతుంది. చొక్కాకు అంటుకుంటే ఏ సబ్బుకూ లొంగని రంగు తెల్లసొన దగ్గర మర్యాదగా ఆగుతుందా? పసుపు, బీట్‌రూట్, ఉల్లిపొట్టు వంటింట్లోనే ఉన్నాయి. చుక్క వెనిగర్ వేస్తే చక్కగా పడతాయి. కానీ వాటిలో మెరుపు లేదు, మెరుపు లేకపోతే ఫొటో లేదు. అందుకని ఒక మహాతల్లి నెయిల్ పాలిష్‌తో సీతాకోకచిలుకలు దించింది.

ఇక వేట. పొద్దున ఎనిమిదింటికి గుడ్లు దాచారు. ముఖ్య అతిథి పదిన్నరకు వచ్చారు. ఈలోగా కాకులు పోటీ మొదలుపెట్టి, సగం పూర్తి చేసి, కుండీల మీద కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నాయి. చీమలు రెండో స్థానంలో ఉన్నాయి. విజిల్ ఊదగానే పిల్లల కంటే ముందు నాన్నలు పరిగెత్తారు. "ఒరే, కుండీలు వదిలెయ్, ఏసీ డబ్బా కింద చూడు, రాత్రే కనుక్కున్నా!" అని ఒకాయన గోడ మీంచి అరుపు. ఎంసెట్ పేపరు లీకైనా ఇంత నమ్మకంగా చెప్పడు. ఏసీ డబ్బా కింద నిజంగానే గుడ్డు ఉంది, ఆ వేడిగాలికి ఇంకోసారి ఉడుకుతోంది. బుడ్డోడు దాన్ని గెలిచి, వాసన చూసి, ఏడ్చాడు. న్యాయనిర్ణేతలు అది ఆనందబాష్పమని తేల్చి కప్పు ఇచ్చారు. ముఖ్య అతిథి సంస్కృతి గురించి మాట్లాడారు, ఎవరి సంస్కృతో చెప్పలేదు.

ఈస్టర్ మనకు కొత్తదేం కాదు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది. ఈ పల్లెల్లో ఈస్టర్ అంటే చీకటితో లేచి సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకోవడం. గుడ్లు వండితే పులుసు పెట్టుకుంటారు, పొదల్లో దాచరు. ఆ పండగ చేసుకునేవాళ్ళు ఈ స్కూల్లోనూ ఉన్నారు. లాన్ ఊడ్చేది వాళ్ళే.

మధ్యాహ్నం మిగిలిన గుడ్లు బుట్టలో పోశారు. పిల్లలు తినకూడదని ప్రిన్సిపాల్ మేడం మైకులో హెచ్చరించారు. మంచిదే. మైకు ఆపి, "ఆయమ్మా, పారెయ్యడం దేనికి, మీవాళ్ళ పండగేగా, ఇంటికి తీసుకెళ్ళు" అన్నారు.

నాలుగు గంటలు ఎండలో పడున్న గుడ్లు అవి. హోలీ పొడి, నెయిల్ పాలిష్, కాకి ముక్కు, అన్నీ తగిలినవి. ఫీజు కట్టే పిల్లకి విషమైంది ఆయమ్మ పిల్లకి ప్రసాదం ఎలా అవుతుందండీ? సాల్మొనెల్లా రేషన్ కార్డు చూసి వదిలేస్తుందా? పక్క వీధి సర్కారు బడిలో ఆ పిల్లకి మధ్యాహ్నం ఉడికిన గుడ్డు పెడతారు, ప్లేటులో. వెతకనక్కర్లేదు, ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. మీరు అంతకంటే పెద్ద స్కూలు కదా, సిగ్గుండాలి.

వచ్చే ఏడు ప్లాస్టిక్ గుడ్లు దాచండి, లోపల చాక్లెట్ పెట్టండి, అదీ నీడలో. ఆయమ్మకు ఇవ్వాలని నిజంగా ఉంటే, కొట్లోంచి ఒక అట్ట తాజా గుడ్లు కొని, ముందు రోజే ఇవ్వండి.