అమెరికా కాలేజీ సీట్లు: మనవాళ్లు సంబరపడిన తీర్పు

2023 అక్టోబరులో టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా పిన్ని కొడుకు ఇంట్లో పది రోజులున్నాను. వాళ్లమ్మాయి అప్పుడు పన్నెండో తరగతి. రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని చాలా కాలేజీలకు ఒకేసారి పంపే కామన్ అప్లికేషన్ నింపుతోంది. మీ జాతి ఏమిటని అడిగే గడి వచ్చింది. 'ఏషియన్' మీద టిక్కు పెట్టి, మళ్లీ తీసేసి నావైపు తిరిగింది. "పెదనాన్నా, మా అడ్మిషన్ల కౌన్సెలర్ ఇది ఖాళీగా వదిలెయ్యమంటోంది. మరీ ఏషియన్‌లా కనబడకూడదట. వ్యాసంలో వీణ గురించి కూడా రాయొద్దంది." ఆ పిల్ల ఏడో ఏట నుంచి వీణ నేర్చుకుంటోంది. "కోర్టు రిజర్వేషన్లన్నీ ఎత్తేసిందిగా, ఇంకేం భయం? పెట్టెయ్" అన్నాడు మా తమ్ముడు.

పిల్ల భయంలో నిజముంది. తమ్ముడి ధీమాలోనే పొరపాటుంది.

తెల్ల, ఆసియన్ పిల్లలకు అన్యాయం జరుగుతోందంటూ వేసిన వ్యాజ్యాల్లో ఆ ఏడాది జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల ప్రవేశ విధానాలను కొట్టేసింది. నార్త్ కరోలినా కేసులో 6–3, హార్వర్డ్ కేసులో 6–2. అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం సమాన రక్షణ సూత్రానికి విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. ఆ రాత్రి మా బంధువుల వాట్సాప్ గ్రూపు నిండా అభినందనలే. ఇక మన పిల్లలకు తిరుగులేదని ఒకరు, మెరిట్ గెలిచిందని ఇంకొకరు.

ముందుగా ఆ 'రిజర్వేషన్' మాట సంగతి చూద్దాం. మన దగ్గర ఉన్నట్టు ఫలానా వర్గానికి ఇన్ని సీట్లని కేటాయించే పద్ధతి అమెరికా కాలేజీల్లో 1978లోనే పోయింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 విడిగా ఉంచితే, అలన్ బాకీ అనే అభ్యర్థి వేసిన కేసులో సుప్రీంకోర్టు కుదరదంది. మిషిగన్ యూనివర్సిటీ 150 పాయింట్ల కొలమానంలో నల్లజాతి, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) లాంటి మైనారిటీ విద్యార్థులకు నేరుగా 20 పాయింట్లు కలిపితే, దాన్నీ 2003లో కొట్టేసింది. ఆ తర్వాత మిగిలింది ఒక్కటే. దరఖాస్తు చదివే అధికారి విద్యార్థి నేపథ్యంలోని అనేక విషయాల్లో ఒకటిగా జాతిని కూడా చూడొచ్చు. 2023లో కోర్టు తీసేసింది దాన్ని.

మరి ఆసియన్ పిల్లలకు అన్యాయం జరగలేదా అంటే, హార్వర్డ్ కేసులో బయటపడ్డ లెక్కలు చూస్తే నాకూ కడుపు మండింది. చదువు, కార్యకలాపాలు, ఆటలతో పాటు 'వ్యక్తిత్వానికి' కూడా అక్కడ రేటింగ్ వేస్తారు. అందులో ఆసియన్ పిల్లలకు తెల్లవాళ్ల కంటే తక్కువ వచ్చేది. ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసిన హార్వర్డ్ పూర్వ విద్యార్థులు రెండు వర్గాలకూ దాదాపు ఒకేలా వేశారు. తక్కువ వేసింది అడ్మిషన్ల ఆఫీసు. అక్కడివాళ్లు ఈ పిల్లల్లో చాలామందిని చూసింది కాగితం మీదే. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో జిల్లా కోర్టు తేల్చినా, ఆ లెక్కకు సరైన సంజాయిషీ నాకు దొరకలేదు.

ఈ 'వ్యక్తిత్వం' కొత్త సరుకేమీ కాదు. 1920ల్లో యూదు విద్యార్థుల సంఖ్య పెరుగుతోందని హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ కంగారుపడ్డాడు. 15 శాతానికి మించకుండా చూడాలని ప్రతిపాదిస్తే అధ్యాపకులు ఒప్పుకోలేదు. 1926 నుంచి గుణశీలాల పేరుతో అదే పని చేశారు, యూదుల వాటా పడిపోయింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సరిగ్గా ఆ రోజుల్లోనే హార్వర్డ్‌లో ఉన్నారు. అక్కడ పీహెచ్‌డీ చేసి, ఏళ్ల తరబడి పరిశోధించినా శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో చెప్పింది కూడా ఇదే సుప్రీంకోర్టు.

కాబట్టి మనవాళ్ల ఫిర్యాదుకు నూరేళ్ల చరిత్ర ఉంది. కానీ ఆ ఫిర్యాదు ఎవరి మీద? వ్యక్తిత్వం రేటింగులో ఆసియన్ పిల్లల కంటే పైన నిలిచినవాళ్లలో తెల్లవాళ్లున్నారు. రేటింగును సరిచేయమని హార్వర్డ్‌ను నిలదీయడానికి నల్లజాతి పిల్లల చేతికిచ్చిన ఊతకర్ర లాక్కోవాల్సిన పని లేదు. కోర్టు ముందుకొచ్చిన వ్యాజ్యం ఈ రెండింటినీ కలిపి ఒకే ముడి వేసింది. మనం ఆ ముడిని విప్పి చూడకుండానే చప్పట్లు కొట్టాం.

అదే కేసులో బయటపడ్డ ఇంకో లెక్క ఉంది. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతం మంది క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, దాతలకు కావలసినవాళ్లతో నిండిన డీన్ జాబితాలోని వాళ్లో. ఈ హోదా లేకపోతే వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి సీటు వచ్చేది కాదని ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో బృందం లెక్కగట్టింది. నల్లజాతి, ఆసియన్, హిస్పానిక్ విద్యార్థుల్లో ఈ కోవకు చెందినవాళ్లు 16 శాతం లోపే. అదే 2023 జులైలో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం మరో విషయం బయటపెట్టింది. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో ఒకే స్కోరు ఉన్నా, అత్యంత సంపన్నులైన 1 శాతం కుటుంబాల పిల్లలు హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ స్థాయి కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కంటే రెట్టింపుకు పైనే. మెరిట్ గెలిచిందన్న మా బంధువులకు ఈ రెండు లెక్కలూ పంపాను. ఆ తలుపుల జోలికి తీర్పు వెళ్లలేదు.

ఫలితాలు మరుసటి ఏడాదే వచ్చాయి. ఎంఐటీ కొత్త బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థులు 13 శాతం నుంచి 5 శాతానికి పడిపోయారు. ఆమ్‌హర్‌స్ట్ కాలేజీలో 11 నుంచి 3కి. ఎంఐటీలో ఆసియన్లు పెరిగిన మాట నిజమే. యేల్‌లో మాత్రం 30 నుంచి 24 శాతానికి, ప్రిన్స్‌టన్‌లో 26 నుంచి 24 శాతం దగ్గరికి తగ్గారు. ఒక్క ఏడాది అంకెలతో తీర్మానాలు చేయకూడదు కానీ, తిరుగులేదన్న మాట మాత్రం తేలిపోయింది. కాలిఫోర్నియా అనుభవం ఇంకా పాతది. అక్కడ 1996లోనే ప్రజాభిప్రాయంతో జాతి ఆధారిత ప్రవేశాలను నిషేధించారు. పదేళ్లకు, 2006లో, లాస్ ఏంజెలెస్ నగరంలో ఉండే ప్రభుత్వ యూనివర్సిటీ యూసీఎల్‌ఏలో చేరిన సుమారు 4,800 మందిలో నల్లజాతి విద్యార్థులు 96 మంది.

ఫ్రిస్కోలో తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రత్యామ్నాయం ఒకటుంది. ప్రతి హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచినవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయమంటూ టెక్సాస్ 1997లో చట్టం చేసింది. పోటీ పెరగడంతో ఆస్టిన్ యూనివర్సిటీకి అది 6 శాతమైంది, 2026 నుంచి 5 శాతం. అందులో జాతి ప్రస్తావన ఎక్కడా లేదు. కానీ అది పనిచేయడానికి కారణం అక్కడి నల్లజాతి, హిస్పానిక్, తెల్ల పిల్లలు చాలావరకు వేర్వేరు స్కూళ్లలో చదవడమే. మా తమ్ముడి కూతురు స్కూల్లో ఒక్క బీ గ్రేడు వస్తే అప్పటి 6 శాతం చేజారేది. సరిహద్దు దగ్గరి రియో గ్రాండే లోయలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులు అంతగా లేని స్కూల్లో చదివే పిల్లకు అదే చట్టం ఆసరా. "మాకిది అన్యాయం కాదా?" అని తమ్ముడు అడిగాడు. నువ్వు ఇల్లు కొన్నదే ఈ స్కూలు చూసి కదా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మనం ఆ దేశంలో ఉండగలగడానికి కారణమైన చట్టం పుట్టిన ఏడాది 1965. అంతకుముందు భారతదేశానికి కేటాయించిన వలస కోటా ఏడాదికి 100. ఆ ఏడాది జూన్ 4న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థుల ముందు నిలబడి, ఏళ్లపాటు సంకెళ్లలో ఉన్న మనిషిని విప్పి పరుగుపందెం గీత దగ్గర నిలబెట్టి, ఇక అందరితో పోటీపడమనడం న్యాయం కాదన్నారు. నాలుగు నెలలకు, అక్టోబరు 3న, కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. మన డాక్టర్లు, ఇంజినీర్లు విమానమెక్కింది ఆ చట్టం వల్లే. జాతి పేరిట మనుషులకు తలుపులు మూయడం తప్పని ఆ దేశంతో ఒప్పించినవాళ్లు పౌరహక్కుల ఉద్యమంలో అలబామా రాష్ట్రంలోని సెల్మాలోనూ బర్మింగ్‌హామ్‌లోనూ లాఠీదెబ్బలు తిన్న నల్లజాతీయులు. వాళ్ల మనవల సీట్లు తగ్గిన రోజున మనం మిఠాయిలు పంచుకోవడం నాకు బాధగా ఉంది.

చేయగలిగిన పని కళ్ల ముందే ఉంది. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని ప్రైవేటు కాలేజీల్లో కూడా నిషేధిస్తూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. వర్జీనియా, మేరీలాండ్, ఇల్లినాయ్ అదే ఏడాది తమ తమ పరిధిలో ఆ దారి పట్టాయి. న్యూజెర్సీలోనూ టెక్సాస్‌లోనూ మనవాళ్లకు ఓట్లున్నాయి, ఎమ్మెల్యే స్థాయి ప్రతినిధులతో పరిచయాలున్నాయి. అడగాల్సింది ఇది. అయితే అడగడానికి వ్యవధి తక్కువ. మొదటి తరం తెలుగు పిల్లలు ఇప్పటికే ఆ కాలేజీల పట్టాలు తీసుకున్నారు. వాళ్ల పిల్లలు దరఖాస్తు చేసే నాటికి ఆ ప్రాధాన్యం మనకూ తియ్యగా అనిపిస్తుంది.

ఆ రాత్రి అమ్మాయి చివరికి జాతి గడిలో టిక్కు పెట్టింది. ఆ గడిని చూడకుండా దాచుకునే వీలు కాలేజీలకు ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి వచ్చింది. ఆ తర్వాత అమ్మానాన్నల వివరాలు: ఏ కాలేజీలో చదివారు, ఏ డిగ్రీ, ఏ ఏడాది. ఆ గడులు ఎప్పటిలాగే ఉన్నాయి. వాళ్ల నాన్న కాకినాడలో చదివాడని టైపు కొట్టి, ఆ పేజీ మూసి, వీణ గురించి సగం రాసి వదిలేసిన వ్యాసం తెరిచింది.