వెల్డింగ్ చుక్క పెడితే తలుపు నిలబడుతుందా?

ఈ వారంలో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా బావమరిది పంపాడు, తర్వాత కాజీపేటలో నాతో చదువుకున్న ఇద్దరు, నిన్న రాత్రి మా బంధువుల గ్రూపులో ఒక పెద్దాయన. "పాత అంబాసిడర్, పద్మిని కార్లు ఉన్నవాళ్ళు తప్పక చదవండి. దిగిపోయిన తలుపుకు 6 చిట్కాలు. మెకానిక్‌లు చెప్పని రహస్యం." చివర్లో మూడు దండాలు. ఇంట్లో ఒక అంబాసిడర్ ఉందన్న పాపానికి అందరికీ నేనే గుర్తొస్తున్నాను. అందరికీ కలిపి ఒకటే జవాబు రాస్తున్నా.

కొబ్బరినూనె రాస్తే తలుపు బిగుస్తుందట. నూనెకు కిర్రుమనడం ఆగుతుంది, అరిగిన ఇనుము మళ్ళీ మొలవదు. లాక్ ప్లేటును ఆకురాయితో రాస్తే తలుపు పడుతుందట. పడుతుంది. కొన్నాళ్ళకు తలుపు ఇంకాస్త దిగుతుంది, ఇంకాస్త రాస్తారు, చివరికి ప్లేటూ ఉండదు. తుక్కు దుకాణంలో పాత కబ్జా తెచ్చి బిగించాలట. (కబ్జా అంటే మా మెకానిక్ ఉస్తాద్ భాషలో హింజ్. భూములది వేరే సంగతి.) బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిందే 2014లో. తుక్కులో దొరికేదీ మీ బండి ఈడుదే. అరిగింది తీసి అరిగింది పెట్టుకోవడానికి డబ్బులు కూడా ఇవ్వాలా?

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. నాలుగోది చదివాకే నిద్ర పట్టలేదు. "కబ్జా మీద ఒక్క చుక్క వెల్డింగ్ పెట్టించండి, జన్మలో కదలదు."

నిజమే, కదలదు. తలుపు కూడా కదలదు.

తలుపు తీసి వేసినప్పుడల్లా దాని బరువంతా పడేది కబ్జా రెండు ఆకులనూ, అంటే రెండు పలకలనూ, కలిపే పిన్ను మీద. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి పిన్ను సన్నబడుతుంది, గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పై కబ్జాకూ కింది కబ్జాకూ మధ్య అడుగు దూరం, తలుపు పొడవు మూడడుగులు అనుకోండి. కబ్జా దగ్గర 1 మిల్లీమీటర్ ఆడితే లాక్ దగ్గర 3 మిల్లీమీటర్లు కిందికి వస్తుంది. రోగం రంధ్రం లోపల ఉంటే చుక్క బయట పెడితే ఏమవుతుంది? పిన్ను ఒక ఆకుకు అతుక్కుంటుంది, రెండో ఆకులోని వెడల్పయిన రంధ్రం అలాగే ఉంటుంది. తలుపు ఊగుతూనే ఉంటుంది. కాస్త ఎక్కువ పెట్టారా, రెండు ఆకులూ అతుక్కుంటాయి, ఇక కిటికీలోంచి దూకాల్సిందే.

ఈ వైద్యం అయిన బండి ఒకటి మా ఉస్తాద్ దగ్గరికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చుక్క అన్నది రేగుపండంత ఉంది. కబ్జా బిగించే పిల్లర్ మీద పెయింట్ పొక్కులు లేచింది, బీడింగ్ రబ్బరు కరిగి కారింది, లోపలి గుడ్డ నల్లగా మాడింది. పంచ్ పెట్టి ఎంత కొట్టినా పిన్ను రాదు. చివరికి గ్రైండర్‌తో కోసి తీశారు, కబ్జా రెండు ముక్కలయింది. ఉత్త పిన్నుతో పోయే పని. పెట్రోల్ బండికి నిప్పు పెట్టే ముందు బ్యాటరీ వైరు తీయమని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు గానీ, పదిమందికి పంపమని మాత్రం ఉంది.

చేయాల్సిన పని ఇది. తలుపు తీసి, చివర పట్టుకుని పైకి లేపండి, ఇంకొకరిని కబ్జా వైపు చూడమనండి. పిన్ను దగ్గర ఆడితే పిన్నూ, దాని చుట్టూ తొడుగులా ఉండే బుష్షూ పోయినట్టు. పిల్లర్ రేకే కదిలితే లోపల తుప్పు, అది టింకరింగ్ పని, అంటే రేకు పని, ఏ కబ్జా మార్చినా లాభం లేదు. పిన్నే అయితే తలుపు కింద స్టూలు, దాని మీద గోనెసంచి పెట్టి, ఒకసారి ఒక్క కబ్జానే విప్పాలి. రెండూ ఒకేసారి విప్పితే తలుపు ఎక్కడ కూర్చునేదో మళ్ళీ వెతుక్కోవాలి. లేత్ దగ్గర రంధ్రాన్ని రీమర్ అనే పనిముట్టుతో గుండ్రంగా చేయించి, దానికి సరిపడా కొంచెం లావు పిన్ను తిప్పించాలి, లేదా ఇత్తడి బుష్ వేయించాలి. అంతే. మెకానిక్‌లు దాచిన రహస్యం ఏమీ లేదు, అడిగితే చాయ్ తాగుతూ చెప్తారు.

ఐదోది, తలుపు కింద జాకీ పెట్టి లేపడం. దీని మీద కూడా నవ్వుదామనే కూర్చున్నా. కానీ ఒకసారి మేడారం నుంచి వస్తుంటే ములుగు దాటాక మా తలుపు అస్సలు పడలేదు. ఫోన్లో ఉస్తాద్ చెప్పినట్టు జాకీ మీద చెక్క ముక్క పెట్టి కొద్దిగా లేపితే పడింది. హనుమకొండ దాకా వచ్చాం. వారంలో మళ్ళీ దిగిందనుకోండి, కానీ ఆ రాత్రికి అదే దిక్కయింది. కాబట్టి ఐదో పాయింటు జోలికి పోను.

ఆరోది ఎవరూ చదవరు, చివర ఉంది కదా. "పెద్దవాళ్ళను తలుపు పట్టుకుని దిగనివ్వకండి." మొత్తం మెసేజ్‌లో నికార్సయిన మాట ఇదొక్కటే. మా బండి వెనక ఎడమ తలుపు అందుకే దిగింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. రెండు చేతులూ తలుపు మీద వేసి, బరువంతా దాని మీదే పెట్టి, "అమ్మయ్యా" అంటూ లేస్తుంది. మొన్న కొత్త పిన్ను వేస్తూ ఉస్తాద్ అడిగాడు, ఈ ఒక్క తలుపే ఇంత తొందరగా ఎందుకు అరుగుతోందని.

రోడ్లు బాగా లేవు ఉస్తాద్ అన్నాను.