నా కవితలు నిజమా, కల్పనా? మీరే టిక్ పెట్టండి

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడదామని ఇందాక నా కవితల పుస్తకం వివరాలు నింపుతున్నా. పేరు, పేజీలు, ధర అన్నీ అయ్యాయి. తర్వాతి గడిలో రెండే ఆప్షన్లు: ఫిక్షన్, నాన్ ఫిక్షన్. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు కదలదు. ఫోన్ చేస్తే "కవితలంటే ఊహే కదా మేడమ్, ఫిక్షన్ పెట్టేయండి" అన్నాడు అటువైపు అబ్బాయి. ఎంత తేలిగ్గా అనేశాడో!

మా అమ్మ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని రాసుకున్నవి ఊహలా? పోనీ, నాన్ ఫిక్షన్ అని పెడతా. అప్పుడు షుగర్ తగ్గించుకోవడం ఎలా, కోటీశ్వరులవడం ఎలా అనే పుస్తకాల మధ్య ఇరుక్కోవాలి. చందమామ మా వంటింటి కిటికీ పట్టుకుని ఏడ్చిందని రాశాను మరి. ఆధారాలు చూపించమంటారేమో.

జాషువా 'గబ్బిలం' ఏ గడిలో వేస్తారో చెప్పండి. 1941 నాటి కావ్యం. గబ్బిలంతో కాశీలో శివుడికి కబురు పంపడం కల్పనే, ఒప్పుకుంటాను. ఆ కబురు పంపేవాడి ఆకలి? వాణ్ణి గుడి బయటే నిలబెట్టిన అంటరానితనం? వాటినీ కల్పన అనడానికి నోరెలా వస్తుంది? ఫిక్షన్ అని టిక్ పెట్టేస్తే ఎంత హాయి! కులం కూడా కట్టుకథే అనుకుని నిద్రపోవచ్చు. దాశరథి నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. జైలు నిజం, బొగ్గు నిజం, పద్యం మాత్రం ఫిక్షన్!

పాతవాళ్లకి ఈ బాధ లేదు. వట్టి కల్పిత కథలు కృత్రిమ రత్నాలు, పాత నిజ కథలు గనిలో పుట్టిన రత్నాలు, ఆ పాత కథకి కవి కల్పన తోడైతే సానపట్టిన జాతిరత్నాలు అని రామరాజభూషణుడు 'వసుచరిత్ర'లోనే తేల్చేశాడు. చూశారా, మూడో గడి ఉంది! పైగా అందులోనే విలువ ఎక్కువ. (కల్పిత కథ రాసిన పింగళి సూరనకి అది చురక అంటారు. కవుల తగాదాలు అప్పుడూ ఉన్నాయి, ఫేస్‌బుక్కే లేదు.) గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లో గ్రంథాలయాల కోసం కోలన్ వర్గీకరణ (పుస్తకాలకి అంకెలిచ్చి సర్దే పద్ధతి) చేసినప్పుడు సాహిత్యంలో కవిత్వానికి 1, నాటకానికి 2, కథా నవలలకి 3 ఇచ్చారు. ఒకటో నంబరు మాదండీ!

బంధువుల్లో మాత్రం కవిత్వం పక్కా నాన్ ఫిక్షన్. ప్రేమ కవిత అచ్చయితే చాలు, మా పిన్ని ఫోన్: "ఎవరే వాడు?" మా ఆయన నేరుగా అడగడు, రెండు రోజులు ముభావంగా తిరుగుతాడు. అదే నవలలో హత్య చేయించిన రచయితల్ని ఒక్కరూ అనుమానించరు.

అసలు ఫారాన్ని అని ఏం లాభం? పుస్తకాల షాపులో కవిత్వం ఎక్కడుంటుందో చూశారుగా. కింది అరలో, గోడ పక్కన, దుమ్ములో. "కవిత్వం పోదండీ" అంటారు. కనబడనిది ఎలా పోతుంది? ఇక ఆవిష్కరణ సభకొచ్చి శాలువా కప్పి, ఫొటో దిగి, వేదిక దిగుతూనే "ఒక కాపీ ఇవ్వండి, చదివి రాస్తాను" అనే పెద్దలు. ఇచ్చాను. ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. నా పుస్తకం సంగతి ఏమో కానీ, ఆ మాట మాత్రం ఏ గడిలో వేయాలో నాకు బాగా తెలుసు.

అన్నట్టు, ఈ పోస్టు కింద పీడీఎఫ్ అడిగితే బ్లాక్ చేస్తాను.