ఒంటికాలి సైడ్ స్టాండు గారికి

మహారాజశ్రీ సైడ్ స్టాండు గారికి, తమరు మోస్తున్న బండి యజమాని నమస్కరించి రాసేది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. ఎడమ అద్దం పగిలింది. క్లచ్ లివర్ కొస విరిగింది. ఇండికేటర్ వైరుకు వేలాడుతోంది. తమరు మాత్రం ఒక్క గీతైనా పడకుండా, బుద్ధిగా కాలు ముడుచుకుని, పడిపోయిన బండి కింద హాయిగా పడుకుని కనిపించారు.

ఒంటికాలి మీద నిలబడేవి లోకంలో రెండు రకాలు. తపస్సు చేసే ముని ఒకటి, చేప కోసం కాచుకున్న కొంగ ఒకటి. ఇన్నాళ్లూ తమరిది మొదటి రకం అనుకున్నాను.

ఇక ఈ గారూ తమరూ నావల్ల కాదు. నువ్వు అనే అంటాను.

నేను చేసిన నేరం ఏమిటి? రోడ్డు కొంచెం వాలుగా ఉంది. బండి ముక్కు పల్లం వైపు పెట్టి, న్యూట్రల్‌లో వదిలి, నిన్ను దించి వెళ్లాను. రెండు నిమిషాల పని. వెనక్కి వచ్చేసరికి బండి నేల మీద ఉంది. మెకానిక్‌కి చెప్పుకుంటే ఓదారుస్తాడనుకున్నాను. అతను పాఠం చెప్పాడు. నిన్ను దించినప్పుడు నీ కాలు కాస్త ముందుకు చాచుకుని ఉంటుందట. బండి వెనక్కి జరగబోతే ఆ కాలు, ఇంకా ముందుకు పోకుండా పెట్టిన అడ్డుకు ఆనుకుని ఇంకా బిగుసుకుంటుంది. ముందుకు జరిగితే మాత్రం పాదం నేల మీదే ఉండిపోతుంది, బండి దాన్ని దాటుకుని పోతుంది, నువ్వు మడుచుకుంటావు. అంటే వెనక్కి నెడితే భీష్ముడివి, ముందుకు నెడితే ఉత్తరకుమారుడివి.

ఇది నీ బలహీనత అనుకుంటే కొంత ఊరట ఉండేది. కాదట, కావాలనే అలా చేశారట. అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో 123వ దానిలో అయితే ఈ సంగతి రాసే పెట్టారు: బండి ముందుకు కదులుతుండగా స్టాండు నేలకు తగిలితే, అది వెనక్కి, పైకి మడుచుకుపోవాలి. ఎందుకంటే స్టాండు తీయడం మరచిపోయి బయల్దేరేవాడు ఒకడు ఉంటాడు. ఎడమవైపు మలుపులో బండి ఒరిగినప్పుడు అది రోడ్డుకు తన్నుకుని వాణ్ణి ఎత్తి పడేస్తుంది. నేను మరచిపోతానని నేను పుట్టకముందే ఎవరో ఊహించి, దానికో నిబంధన రాసి, నీ కాలికి కట్టారు. నా మీద ఇంత తక్కువ అభిప్రాయం మా ఇంట్లోవాళ్లకు కూడా లేదు.

కాబట్టి వాలులో ముక్కు ఎత్తు వైపే ఉండాలట. ఫస్ట్ గేర్‌లో పెట్టి ఇంజన్ ఆపాలట. ఆ తర్వాత కూడా బండిని అటూ ఇటూ కాస్త కదిపి, గేర్ పట్టిందో లేదో చూడాలట. అన్నీ నేనే చూసుకుంటే నువ్వున్నది దేనికి?

నీ లెక్కలు కూడా నాకు అర్థం కావు. ముందు చక్రం, వెనక చక్రం, నీ పాదం, ఈ మూడూ కలిస్తే నేల మీద ఒక త్రికోణం. బండి బరువు ఆ త్రికోణం లోపల పడినంతసేపూ నిలుస్తుంది, గీత దాటితే పడుతుంది. నిన్ను ఎడమవైపు బిగించారు కాబట్టి అటు వాలితే నువ్వున్నావు. కుడివైపు ఎవరూ లేరు. నాకేమో బండి నిటారుగా నిలబడితే ముచ్చట. ఒకసారి కుడివైపు కాస్త పల్లంగా ఉన్నచోట పెట్టి, ఎంత దర్జాగా నిలబడిందో అని మురిసిపోయాను. పక్కబండి వాడి మోచెయ్యి తగిలింది, అంతే.

ఇంకోసారి వెనక సీటు మీద రెండు పెద్ద సంచులు కట్టాను. బరువుకు బండి కుంగింది. నీ పొడవు మాత్రం ఎప్పటిదే. కుంగిన బండికి నువ్వు ఎక్కువ పొడవైపోయి దాన్ని నిటారుగా నెట్టావు. అదీ కుడివైపే పడింది. బరువెక్కిస్తే నీ మీదికి ఇంకా గట్టిగా వాలుతుందని నేననుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆరోజు లేపిన వైభోగం కూడా చెప్పాలి. వీపు సీటుకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ల బలంతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలని ఎవరో చెప్పారు. అచ్చం అలాగే లేపాను. బండి లేచింది. సంతోషంలో ఇంకాస్త నెట్టాను. ఎడమవైపు పడింది. కుడివైపు పడ్డ బండిని లేపేముందు నిన్ను దించి ఉంచాలట. ఆ మాట చెప్పడం మరచిపోయినవాడు ఇప్పటికీ నా స్నేహితుడే, కాస్త తక్కువగా.

ఎండాకాలం నీ ఇంకో గుణం బయటపడుతుంది. నీ పాదం వెడల్పు రెండు మూడు వేళ్లు. దాని మీద అంత బరువు. మధ్యాహ్నం తారు మెత్తబడగానే నెమ్మదిగా దిగబడతావు. వానాకాలంలో మట్టి దొరికితే ఇక చెప్పనక్కర్లేదు. పొద్దున చక్కగా వాలిన బండి సాయంత్రానికి సాష్టాంగపడి ఉంటుంది. పాదం కింద ఒక చెక్క ముక్కో, చదునైన రాయో, తొక్కి చదును చేసిన రేకు డబ్బానో పెడితే చాలట. మహానుభావుడికి పీట కూడా నేనే వెయ్యాలి.

హ్యాండిల్ ఎడమకు తిప్పి తాళం వేస్తే బండి నీ మీదికి ఇంకాస్త వాలుతుందని, కుడికి తిప్పితే నిటారుగా లేస్తుందని విన్నాను. ఇదొక్కటే నేను మొదట్నుంచీ సరిగ్గా చేస్తున్నాను, దొంగల భయంతో.

నీ వంకర గురించి కూడా రాద్దామనుకున్నాను. ఈమధ్య బండి మరీ ఒరుగుతోంది. అయితే నిన్ను దించి, ఇద్దరం సీటెక్కి గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేది ఎవరని అడుగుతావేమో, ఆ విషయం వదిలేద్దాం. బోల్టు వదులైంది, స్ప్రింగ్ సాగింది, తుప్పు పట్టింది. "ఇక్కడ ఎప్పుడైనా ఆయిల్ చుక్క వేశారా?" అని మెకానిక్ అడిగాడు. నేను పక్కబండి రంగు బాగుందన్నాను.

పైన నువ్వు అన్నందుకు మన్నించండి. సాయంత్రం మళ్లీ తమరితో పని ఉంది. చెక్క ముక్క ఒకటి సీటు కింద పెట్టాను.

ఇట్లు,
తమరి మీదే భారం వేసిన యజమాని

తా.క. ఈ ఉత్తరం అన్నగారు సెంటర్ స్టాండుకు చూపించవద్దు. గట్టి, చదునైన నేల దొరికితే ఆయన్ని వేయడమే మేలని నాకూ తెలుసు, కానీ బండిని ఆయన మీదికి ఎక్కించాలంటే బద్ధకం. ఆయన చివరిసారి నేలకు దిగింది చెయిన్‌కు ఆయిల్ వేసిన రోజున. అది ఎప్పుడని మాత్రం అడగకండి.